బస్తాల కాటా

మంగళవారం ఉదయం ఏడున్నరకి జీడిపప్పు కార్ఖానా గేటు దగ్గర ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ సెల్‌ఫోను తీసి చెక్కపెట్టెలో పడేసి, చెప్పులు విప్పి లోపలికి వెళ్తున్నారు. ఇంద్రజ ఫోను పెట్టెలో వేసింది. చెప్పులు విప్పబోతుంటే మేస్త్రీ జగ్గారావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వుండు."

ఆమె గోడవారకి జరిగింది. వెనక ఉన్నవాళ్ళు ఆమె వైపు చూసుకుంటూ వెళ్ళారు. చివర లక్ష్మీదుర్గ వచ్చింది. హాల్లో ఇంద్రజ పక్కన కూర్చునేది ఆమే. ఇంద్రజని అక్క వరసలో అప్పా అంటుంది.

"ఏటైంది అప్పా?"

"నీకెందుకు, నువ్వెల్లు," అన్నాడు జగ్గారావు.

అందరూ వెళ్ళాక అతను కాటా వైపు వేలు చూపించాడు. అస్కా వైపు పల్లెల నుంచి వచ్చే జీడిపిక్కల బస్తాలు తూచే కాటా అది. ఇనపరేకు, రేకు మీద గోనె పీచు, పక్కన స్తంభానికి ఎర్ర అంకెల పెట్టె.

"ఎక్కు."

"దేనికి మేస్త్రీ?"

"సావుకారి మాట. ఎక్కు. సెప్పులిప్పు. ఆ కేరేజీ కింద పెట్టు."

ఇంద్రజ ఎక్కింది. రేకు కదిలి ఆగింది. అంకెలు తిరిగి డెబ్భై ఎనిమిది కిలోల నాలుగొందల గ్రాముల దగ్గర నిలిచాయి. జగ్గారావు పుస్తకంలో ఆమె పేరు రాసి, గీత గీసి, పక్కన అంకె వేశాడు.

"సాయంత్రం ఎల్లీటప్పుడు మళ్ళీ ఎక్కాల. అప్పుడెంతుంటాదో సూద్దాం."

ఆమెకి అప్పుడు అర్థమైంది. రెండు నెలలుగా కార్ఖానాలో తరుగు వస్తోంది. బస్తా పిక్కలకి రావలసిన పప్పు కంటే అర కిలో తక్కువ దిగుతోంది. సావుకారు సోమేశ్వరరావు రెండుసార్లు హాల్లోకి వచ్చి చూసి వెళ్ళాడు. గేటు దగ్గర చీరల కొంగులు దులిపించారు, కేరేజీలు వెతికించారు. ఏమీ దొరకలేదు. ముప్ఫై రెండు మంది ఆడవాళ్ళలో ఈ ఏడాది ఒళ్ళు చేసింది ఇంద్రజ ఒక్కతే. అది జగ్గారావు కంట్లో పడింది.

హాల్లో ఆమె తన చోట కూర్చుని కాళ్ళు చాపుకుంది. ముందు పళ్ళెంలో ఆరబెట్టే మిషను నుంచి వచ్చిన పప్పు ఉంది. ఇంకా వేడి తగ్గలేదు. బొటనవేలితో పక్కకి ఒత్తితే పొట్టు లేస్తుంది. లేవని చోట కత్తి మొన తగిలిస్తే రేకులా ఊడి వస్తుంది. గుండు గుండుగా ఉంటే ఎడమ చేటలోకి, బద్దలైతే కుడి చేటలోకి, ముక్కలు డబ్బాలోకి. ఈ మధ్య గుండ్లు తగ్గి బద్దలు ఎక్కువవుతున్నాయి. వేలు తగిలితేనే పప్పు విరిగిపోతోంది. అది కూడా ఆడవాళ్ళ తప్పే అయింది.

గేటు దగ్గర పెట్టెలో ఏదో ఫోను మోగింది. ఇంద్రజ కత్తి ఆగింది. తన ఫోను కాదు. మళ్ళీ మొదలుపెట్టింది. పెట్టెలో ఫోన్లు రోజుకి ఇరవై ముప్ఫై సార్లు మోగుతాయి. ప్రతిసారీ ఆమె కత్తి ఆగుతుంది. ఇంట్లో అత్త ఒక్కతే ఉంటుంది. పేరు అమ్మడు. ఆవిడకి మతి తప్పింది. తలుపు తీసి ఉంటే నడుచుకుంటూ పోతుంది. పోయిన వేసవిలో అలా పోతే మర్నాడు ఛత్రపూర్ స్టేషన్లో దొరికింది. పక్కింటి రమాదేవిగారి దగ్గర తాళంచెవి ఒకటి ఉంది. ఏమైనా అయితే ఆవిడే ఫోను చెయ్యాలి. చేసినా ఇంద్రజకి అందేది సాయంత్రం ఐదున్నరకే.

మధ్యాహ్నం కేరేజీ విప్పినప్పుడు లక్ష్మీదుర్గ అడిగింది. ఇంద్రజ చెప్పింది.

"ఓలమ్మా! రోజుకి పదిహేను బస్తాలు కోత్తారు. బస్తాకి అర కిలో. ఏడు కిలోల పప్పు అప్ప ఒక్కర్తే తింతాదేటి? ఏనుగైనా తిన్లేదు."

చుట్టూ నవ్వారు. ఇంద్రజ కూడా నవ్వింది. నవ్వి, అన్నం సగంలో మూత పెట్టేసింది. తర్వాత ఆకలి ఆగక మళ్ళీ విప్పి తినేసింది.

సాయంత్రం కాటా డెబ్భై ఎనిమిదీ ఏడొందలు చూపించింది.

"మూడొందల గ్రాములు," అన్నాడు జగ్గారావు.

"అన్నం తిన్నాను మేస్త్రీ. నీళ్ళు తాగేను. అవెక్కడికి పోతాయి?"

"అదంతా నాకు తెల్దు. ఏ బస్తా అయినా పొద్దున్నెంతో సాయంత్రం అంతే. శనివారం దాకా సూస్తాను. పెరగడం ఆగిందా, సరే. నేదా, సోమవారం రాకు."

గేట్ బజార్ వెనక సందులో ఆమె ఇల్లు. ఒక గది, ముందు వరండా. తాళం తీసేసరికి అమ్మడు తలుపుకి ఎదురుగా నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు.

"ధనరాజు వొచ్చేడా?" అంది.

"సూరత్‌లో ఉన్నాడత్తా నీ కొడుకు. కార్తీకానికి వొస్తాడు."

"నాను స్టేషన్‌కి ఎల్తాను మరి."

"ఎల్దువులే. ముందు టీ తాగు."

ఇంద్రజ టీ పెట్టింది. అత్త గ్లాసులో ఒక చెంచా పంచదార, తన గ్లాసులో మూడు. నిలబడే రస్కులు ముంచుకు తింది. నాలుగు తిన్నాక ప్యాకెట్టు మడిచి డబ్బాలో పెట్టింది. రెండు నిమిషాల తర్వాత డబ్బా తీసి మిగిలినవి కూడా తినేసింది. అవి తింటున్నంతసేపూ గుండె దడ తగ్గినట్టుంటుంది. ఆమెకి తెలిసిన మందు అదొక్కటే. పడుకునేటప్పుడు తన కొంగు చివర అత్త మణికట్టుకి ముడి వేసింది. అత్త లేస్తే కొంగు లాగుతుంది. ఏడాదిగా ఆ లాగుడు కోసమే ఆమె పడుకుంటోంది.

బుధవారం ఇంద్రజ కేరేజీ తేలేదు. నీళ్ళ కుండ దగ్గరికి పోలేదు. హాలు మీద రేకులు, పక్కన ఆరబెట్టే మిషను. పదకొండయ్యేసరికి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. ఒకటిన్నరకి నాలుక అంగిలికి అతుక్కుంది. లక్ష్మీదుర్గ తన చేతిగుడ్డ తడిపి తెచ్చింది.

"పెదాలకి ఒత్తుకో. మింగకు. దీన్ని కాటా పట్టదులే."

ఇంద్రజ గుడ్డ పెదాలకి ఆనించి అలాగే ఉంచింది. ఒక చుక్క లోపలికి పోతే కంగారుగా ఉమ్మేసింది.

సాయంత్రం కాటా దగ్గర లక్ష్మీదుర్గ ముందుకొచ్చింది. "నన్నూ తూచు మేస్త్రీ. నానూ పప్పు కాడే కూకుంతన్నాను గదా. అప్ప ఒక్కర్తే బస్తాలాగ కనబడిందేటి నీకు?"

"నీ వొంతొస్తాది. అంత తొందరేటి?"

డెబ్భై ఏడూ నాలుగొందలు. పొద్దున్న డెబ్భై ఎనిమిదిన్నర. జగ్గారావు అంకె రెండుసార్లు చూసుకున్నాడు. కిలో పైగా తగ్గితే ఏం రాయాలో అతనికి తోచలేదు. రాసి పుస్తకం మూశాడు.

ఇంటికెళ్ళగానే ఆమె చెంబు ఎత్తి నీళ్ళు తాగింది. పొద్దున్నటి చద్దన్నం, రాత్రి కోసం వండిన అన్నం, సందు చివర కొన్న పకోడీలు. తింటూ ఏడవలేదు, ఆలోచించలేదు. గిన్నెలో చెయ్యి తడిమి ఏమీ తగలకపోతే ఆగింది.

గురువారం ఉదయం కాటా డెబ్భై తొమ్మిది చూపించింది.

"రేత్రికి రేత్రి కిలోన్నర!" జగ్గారావు పుస్తకం తిప్పి ఆమెకే చూపించాడు. "ఇంటికాడ ఏటి తింతన్నావు? మా పప్పేనా?"

ఆమె అంకె వైపు చూసింది. పగలు తింటే దొంగతనం. రాత్రి తింటే దొంగ సరుకు. కాటా దిగి చెప్పులు గోడకి ఆనించి పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం లక్ష్మీదుర్గ ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పని అయ్యాక వెళ్ళగలిగిన క్లినిక్కు అదొక్కటే. డాక్టరు ఒడియా ఆయన. తెలుగు వచ్చు, ఆగి ఆగి మాట్లాడతాడు. బీపీ చూశాడు, వేలు గుచ్చి చక్కెర చూశాడు, మెడ వెనక చర్మం నల్లబడిన చోట టార్చి వేసి చూశాడు.

"నిద్ర ఎంత?"

"మూడు గంటలుంటాది బాబూ. అదీ ఒక్కసారిగా కాదు."

"ఎందుకు?"

ఆమె అత్త సంగతి చెప్పింది. ఫోను పెట్టె సంగతి చెప్పింది. కాటా సంగతి చెప్పలేకపోతే లక్ష్మీదుర్గ చెప్పింది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"తుఫాను వస్తుందని రేడియోలో చెప్తే ఇంట్లో ఏం చేస్తారు?"

"బియ్యం, అటుకులు తెచ్చుకుంతాం. గేస్ నిండుగా పెట్టుకుంతాం."

"ఒళ్ళు కూడా అంతే. మీ ఒళ్ళుకి రోజూ పొద్దున్న తుఫాను వార్త వస్తోంది. రోజూ దాచుకుంటోంది. కడుపు చుట్టూ దాస్తుంది. తీపి అడుగుతుంది. నిద్ర లేకపోతే ఇంకా అడుగుతుంది. పగలంతా పస్తుంటే ఇంకా దాస్తుంది. తుఫాను రాదు, దాచింది ఖర్చు కాదు."

"మరి ఏటి సేయమంటారు?"

"నిద్రపోవాలి. వేళకి తినాలి, నీళ్ళు తాగాలి. చింతా కొరొంతు నాహిఁ. చింత పెట్టుకోవద్దు."

లక్ష్మీదుర్గ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కూడా తన మాట తనే విన్నట్టు పెన్ను మళ్ళీ తీశాడు. "కాగితం రాసిస్తాను," అన్నాడు.

ఆ కాగితం శుక్రవారం మధ్యాహ్నం ఇంద్రజ సోమేశ్వరరావు బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"స్ట్రెస్ అని రాశాడు. మన దగ్గర స్ట్రెస్ ఏముందమ్మా? నీడపట్టున కూర్చుని చేసే పని. మా తాతగారి రోజుల్లో ఆడవాళ్ళు ఎండలో పిక్కలు కాల్చేవారు."

"నాను పప్పు తిన్లేదు బాబూ. పదకొండేళ్ళయింది పన్లోకి వొచ్చి. ఒక్క గుండు నోట్లో ఏసుకోలేదు."

"నేను తిన్నావన్లేదు. తరుగు వస్తోందన్నాను. ఎక్కడికో పోతోంది కదా?"

ఆమె సమాధానం చెప్పేలోపు తలుపు దగ్గర మెకానిక్ సాయిరామ్ నిలబడ్డాడు. ఆరబెట్టే మిషను అమ్మిన కంపెనీ మనిషి. ఆర్నెల్లకోసారి చూసిపోతాడు. చేతిలో థర్మామీటరు తీగ చుట్టుకుని ఉంది.

"సార్, మీ డయల్ తప్పు చెప్తోంది. డెబ్భై చూపిస్తోంది గానీ లోపల ఎనభై అయిదుంది. ఎప్పట్నించో."

"అయితే?"

"పప్పు ఎక్కువ ఎండిపోతోంది. ఉండాల్సిన తేమ కూడా పోతోంది సార్. ఎండిన పప్పు తూకం తగ్గుతాది, విరుగుతాది. బద్దలు ఎక్కువ వస్తన్నాయా?"

సోమేశ్వరరావు కళ్ళజోడు తీశాడు.

"తూకం ఎంత తగ్గుతుంది?"

"బస్తాకి అర కిలో దాకా సార్."

సాయిరామ్‌కి అక్కడ ఉన్న ఆడమనిషి ఎవరో తెలీదు. అతను బ్యాగు సర్దుకుని డయల్ మార్చడానికి వెళ్ళిపోయాడు. సోమేశ్వరరావు డాక్టరు కాగితం మడిచి బల్ల అద్దం కిందకి తోశాడు.

"నువ్వు పనికి వెళ్ళమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం జగ్గారావు ఆమెని కాటా ఎక్కమన్నాడు. సావుకారు ఆపమని చెప్పలేదు కాబట్టి తూచాడు. అంకె రాశాడు.

శనివారం పప్పు పూర్తి తూకం దిగింది. గుండ్లు ఎక్కువ వచ్చాయి. హాల్లో ఆ మాట పాకింది. లక్ష్మీదుర్గ పళ్ళెం మీద కత్తి పిడితో తాళం వేసింది. "ఏడు కిలోలూ మిసనే తినేసింది! ఒలే, మిసన్ని ఎక్కించండి కాటా మీదికి!" నాలుగు రోజుల తర్వాత ఇంద్రజ మధ్యాహ్నం కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తాగింది.

మూడు గంటలకి సోమేశ్వరరావు పిలిపించాడు. జగ్గారావు పక్కన నిలబడి ఉన్నాడు. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది.

"తరుగు నీ వల్ల కాదని తేలింది. మనసులో పెట్టుకోకు."

"లేదు బాబూ."

"ఇంకో సంగతి. బుధవారం నుంచి నిన్నటి దాకా నీ పళ్ళెం చూశాను. రోజుకి కిలో పప్పు ఎక్కువ ఒలిచావు. తెలుసా?"

ఆమెకి తెలీదు.

"లేవలేదు మరి," అన్నాడు జగ్గారావు. "నీళ్ళకి లేవలేదు, బాత్రూమ్‌కి లేవలేదు. తిండికి లేవలేదు."

"కాటా అంటే అందరికీ ఒక భయం ఉంటుంది," అన్నాడు సోమేశ్వరరావు. "సోమవారం నుంచి అందరినీ తూద్దాం. పొద్దున్నా సాయంత్రం. పప్పు పోకుండా అని అందరికీ చెప్పు జగ్గారావూ, చాలు. అయితే ఆడవాళ్ళని మగాడు తూచడం బాగోదు. నమ్మకమైన ఆడమనిషి కావాలి. నీ కంటే నమ్మకం ఎవరమ్మా? నాలుగు రోజులు తూచి చూశాం కదా."

ఆయన హాస్యానికి అనలేదు.

"గేటు దగ్గర స్టూలు వేయిస్తాం. పుస్తకం రాయాలి. ఉదయం కుండ నింపాలి, సాయంత్రం బోర్లించాలి. జీతం నెలకి. ముక్క విరిగిందన్న గొడవ లేదు."

ఇంద్రజ కిటికీలోంచి గేటు వైపు చూసింది. కాటా పక్కనే ఫోన్ల చెక్కపెట్టె ఉంది.

"నా ఫోను బాబూ?"

"గేటు దగ్గర కూర్చునేదానివి. నీ ఫోను నీ ఒళ్ళోనే పెట్టుకో."

జగ్గారావు పుస్తకం మూశాడు. ఆమె అతని చేతుల్లో పుస్తకాన్ని చూసింది, మళ్ళీ పెట్టెని చూసింది.

"సరే బాబూ," అంది.

ఆదివారం ఆమె జాకెట్టు తిరగేసి బ్లేడుతో లోపలి కుట్టు విప్పింది. టైలరు మూడు కుట్లు వేసి ఇచ్చాడు, ఒళ్ళు చేస్తే వదులు చేసుకోవడానికి. ఒకటి మాఘంలో విప్పింది, ఒకటి ఉగాదికి. ఇది చివరిది. అమ్మడు పక్కన కూర్చుని దారప్పోగులు ఏరి అరచేతిలో పెట్టుకుంది.

సోమవారం ఉదయం ముప్ఫై ఒక్క మంది కాటా ఎక్కారు. కొందరు నవ్వుతూ ఎక్కారు. అంకెల పెట్టె ఇంద్రజ వైపు తిప్పి ఉంది. మిగతావాళ్ళకి కనబడదు. లక్ష్మీదుర్గ చెప్పులు విప్పి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఎంతప్పా? పెళ్ళికి పనికొస్తానా?"

"యాభై నాలుగూ రెండొందలు."

"అప్పా, నువ్వున్నావు కాబట్టి సరిపోయింది. ఆ మేస్త్రీ అయితే గుచ్చి గుచ్చి సూసీవోడు."

సాయంత్రం జగ్గారావు గేటు అవతల మోటారు సైకిలు మీద కూర్చున్నాడు. పది అడుగుల దూరం. మొదటి ఇద్దరు తగ్గారు. మూడో మనిషి లక్ష్మీదుర్గ. ఆ రోజు ఎండ ఎక్కువ. ఆమె మెడ మీద తడి ఉంది. యాభై నాలుగూ నాలుగొందల యాభై.

ఇంద్రజ పెన్ను ఆపింది. లక్ష్మీదుర్గ ఆమె మొహం చూసి గ్రహించింది. వంగి, కాలి పట్టీ సర్దుకుంటున్నట్టుగా మెల్లగా అంది. "రెండు గ్లాసులు తాగేనప్పా. పొద్దున్నదే రాసీ. ఆడికి కనబడదు."

ఒళ్ళో ఫోను మోగింది. రమాదేవిగారు. ఏడాదిగా ఎదురుచూస్తున్న ఫోను అది. ఒక చేత్తో ఫోను పట్టుకుంది. రెండో చేతిలో పెన్ను ఉంది. వరసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. మోటారు సైకిలు మీద జగ్గారావు తల తిప్పాడు.

ఆమె ఉన్న అంకె ఉన్నట్టే రాసింది. రాసి ఫోను ఎత్తింది.

"ఏటైంది రమాదేవిగారూ? అత్త ఉన్నాదా?"

"ఉందమ్మా, ఉంది. పడుకుంది. పాలవాడొచ్చాడు, నీకు కూడా అర లీటరు పోయించుకోమంటావా అని."

"పోయించండి," అంది ఇంద్రజ.

ఫోను పెట్టేసరికి లక్ష్మీదుర్గ కాటా దిగి చెప్పులు తొడుక్కుంటోంది. "ఆడి కంటే నువ్వే నయం అనుకున్నాను," అంది. ఆటో వరకూ రోజూ కలిసి నడిచే దారిలో ఆమె ముందు వెళ్ళిపోయింది.

మంగళవారం అందరూ తగ్గారు. ఒక్కరి అంకె కూడా పెరగలేదు. లక్ష్మీదుర్గ పెదాలు పగిలి ఉన్నాయి. చేతిలో తడిగుడ్డ మడిచి పట్టుకుంది. కాటా ఎక్కింది, దిగింది. ఎంతని అడగలేదు.

చివరి మనిషి వెళ్ళాక ఇంద్రజ పుస్తకం జగ్గారావు చేతికిచ్చి హాల్లోకి వెళ్ళింది. పొట్టు ఊడ్చి ఉంది, చేటలు గోడకి ఆనించి ఉన్నాయి. మూల నీళ్ళ కుండ మీద గ్లాసు బోర్లించి ఉంది. మూత తీసింది. పొద్దున్న తను ఎక్కడి వరకు నింపిందో నీళ్ళు అక్కడే ఉన్నాయి.

బోర్లించాలంటే ముందు ఖాళీ చెయ్యాలి. గ్లాసు తీసి ముంచింది. నిలబడే తాగింది. మళ్ళీ ముంచింది. ఇప్పుడు ఆమెని తూచేవాళ్ళు లేరు. మూడో గ్లాసు కూడా తాగి, కుండ ఎత్తి మిగిలిన నీళ్ళు పెరటి ఇసకలో పారబోసింది.